లేహ్‌లో పాలకూర: చలి ఊళ్ల గ్రీన్‌హౌస్‌కి ఖర్చంతా రాత్రిదే

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్ కోసం మా బ్యాచ్ నలుగురం కలిసి ఒక స్మార్ట్ గ్రీన్‌హౌస్ డిజైన్ చేశాం. చుట్టూ పాలీకార్బనేట్ షీట్లు, లోపల ఉష్ణోగ్రత చూసే సెన్సర్, చలి పెరిగితే దానంతట అదే ఆన్ అయ్యే హీటరు, ఫోన్‌లో యాప్. పీపీటీ మొదటి స్లైడ్‌లోనే "లద్దాఖ్ రైతు కోసం" అని పెద్ద అక్షరాల్లో రాసుకున్నాం. మా నలుగురిలో లద్దాఖ్ చూసినవాడు ఒక్కడూ లేడు. నాకున్న సంబంధమల్లా మా బాబాయి ఒక్కడే. సైన్యంలో పనిచేస్తాడు, రెండు చలికాలాలు లేహ్ దగ్గర గడిపాడు.

రివ్యూకి వారం ముందు ఆ పీపీటీ బాబాయికి వాట్సాప్‌లో పంపాను. మెచ్చుకుంటాడనుకున్నా. రాత్రి ఫోన్ చేసి ముందు కాసేపు నవ్వాడు. "ఒరే అబ్బాయ్, బొమ్మలు బాగున్నాయి గానీ, దీనికి కరెంటు ఎవడిస్తాడ్రా? మేమున్న చోట జనరేటర్ రాత్రి పదింటికి ఆపేసేవాళ్లు. చలి మొదలయ్యేదే అప్పుడు." తర్వాత ఇంకో మాట అన్నాడు. అక్కడికి వెళ్లిన మొదటి ఏడాది నాలుగు నెలలపాటు కొత్తిమీర వాసన తెలియదట. డబ్బాల్లో వచ్చే కూరలు, బంగాళాదుంపలు, ఎండబెట్టిన ఉల్లిపాయ ముక్కలు. రెండో ఏడాది జనవరిలో పక్క ఊరి ఆవిడ ఒకామె బుట్టలో పాలకూర తెచ్చి అమ్మిందట. మైనస్ 15 డిగ్రీల చలిలో పచ్చి పాలకూర! ఎక్కడిదని అడిగితే ఇంటి పక్కనున్న మట్టి గోడ చూపించిందట. "హీటరూ లేదు, నీ యాపూ లేదు. ఒక గోడ, ఒక పట్టా, సాయంత్రం కప్పే గుడ్డ. అంతే."

అవమానంగా అనిపించిన మాట నిజం. కానీ ఆ "అంతే" అన్న మాట దగ్గరే మా అసలు ప్రాజెక్ట్ మొదలైంది. మాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నా. హీట్ ట్రాన్స్‌ఫర్ సబ్జెక్ట్ అంటే భయపడే జూనియర్లకు కూడా పనికొస్తుందని ఆశ.

ముందు ఊరి సంగతి. లేహ్ సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఏడాది మొత్తానికి కురిసే వాన, మంచు కలిపినా 100 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. మన దగ్గర ఒక మంచి ముసురు పడితే ఒక్కరోజులో కురిసే వాన అది. చలికాలం రాత్రులు మైనస్ 20కి కూడా పోతాయి. శ్రీనగర్ నుంచి వచ్చే దారి, మనాలీ నుంచి వచ్చే దారి, రెండూ మంచుకి మూతపడేవే. ఆ నెలల్లో తాజా కూరగాయ కావాలంటే విమానంలో రావాలి, లేదా శరదృతువులో నేలలో గొయ్యి తీసి దాచుకున్న దుంపలు, క్యాబేజీ తినాలి. అంత చలిలోనూ అక్కడ పుష్కలంగా ఉండేది ఎండ. ఏడాదిలో 300 రోజులకు పైగా ఆకాశం నిర్మలంగా ఉంటుంది. గాలి పలచన, దుమ్ము తక్కువ, ఎండ చురుక్కుమంటుంది. నీడలో గడ్డకట్టే చలి, ఎండలో నిలబడితే స్వెట్టర్ విప్పాలనిపించేంత వేడి అని బాబాయి చెప్పేవాడు.

కాబట్టి లేహ్‌కి వేడి రాకపోవడం సమస్య కాదు. వచ్చిన వేడి నిలవకపోవడమే సమస్య. మనలో చాలామందికి ఇంటి నుంచి ఒకటో తారీఖున డబ్బులు పడతాయి, పదో తారీఖుకి అయిపోతాయి. అదే జబ్బు.

రివ్యూలో మా గైడ్ సర్ కూడా సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. స్లైడ్లన్నీ ఓపిగ్గా చూసి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "పగలు బాగానే ఉందయ్యా. రాత్రి సంగతేంటి?" మేము హీటర్ స్లైడ్ చూపించాం. "ఎన్ని యూనిట్లు?" అన్నారు. మా దగ్గర లెక్క లేదు. అక్కడే బోర్డు మీద చేయించారు.

మీరూ చేసి చూడండి. ఒక చిన్న గ్రీన్‌హౌస్ అనుకుందాం: పొడవు 9 మీటర్లు, దక్షిణం వైపు వాలుగా దించిన పాలిథిన్ షీటు వెడల్పు 4 మీటర్లు. అంటే ఎండ లోపలికి వచ్చే ముఖం 36 చదరపు మీటర్లు. ఒక్క పొర పాలిథిన్ నుంచి వేడి పోయే రేటు, ఒక్కో చదరపు మీటరుకి, ఒక్కో డిగ్రీ తేడాకి, స్థూలంగా 6 వాట్లు. లోపల 5 డిగ్రీలు ఉంచాలి, బయట మైనస్ 15. తేడా 20. గుణిస్తే 4,320 వాట్లు. చలికాలం రాత్రి 14 గంటలు. మొత్తం సుమారు 60 యూనిట్ల కరెంటు, ఒక్క రాత్రికి! మా ఇంట్లో నెల మొత్తానికి వచ్చే బిల్లు 120 యూనిట్లు. రెండు రాత్రుల పాలకూరకి మా ఇంటి నెల కరెంటన్నమాట. లేహ్ పట్టణానికి గ్రిడ్ లైను వచ్చిందే 2019లో. కొండల్లోని ఊళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

ఆ రోజుతో మా హీటరు చచ్చిపోయింది.

ఇక్కడ చిన్న పక్కదారి. స్కూల్లో మనందరికీ ఒక కథ చెప్పారు గుర్తుందా? అద్దం సూర్యకాంతిని లోపలికి రానిస్తుంది, లోపలి నుంచి పోయే పరారుణ వికిరణాన్ని ఆపేస్తుంది, అందుకే గ్రీన్‌హౌస్ వేడిగా ఉంటుంది అని. 1909లోనే ఆర్. డబ్ల్యూ. వుడ్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త దీన్ని పరీక్షించాడు. రెండు డబ్బాలు తీసుకుని ఒకదానికి గాజు మూత, రెండోదానికి పరారుణ కిరణాలను ధారాళంగా పోనిచ్చే రాతి ఉప్పు మూత పెట్టాడు. రెండూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. అంటే పగటి పూట గ్రీన్‌హౌస్ చేసే పెద్ద పని, వేడెక్కిన గాలిని పైకి లేచి పారిపోనివ్వకుండా పట్టి ఉంచడం. ఈ విషయం మనకెందుకంటే, రైతు వాడే మామూలు పాలిథిన్ షీటు కూడా ఆ రాతి ఉప్పు లాంటిదే. పరారుణాన్ని చాలావరకు పోనిస్తుంది. పగలు దాంతో ఇబ్బంది లేదు. రాత్రి మాత్రం మబ్బులేని లద్దాఖ్ ఆకాశం కిందకి లోపలి వేడంతా తిన్నగా వెళ్లిపోతుంది. మన ఊళ్లో కూడా మబ్బు లేని రాత్రే ఎక్కువ చలి వేస్తుంది కదా, అదే కారణం.

ఇప్పుడు బాబాయి చెప్పిన ఆ మట్టి గోడ దగ్గరికి వద్దాం. లద్దాఖ్‌లో ఈ నమూనాని ఊరూరికీ తీసుకెళ్లిన పని ప్రధానంగా జెరెస్ అనే ఫ్రెంచ్ స్వచ్ఛంద సంస్థ, దానితో కలిసిన స్థానిక సంస్థలది. ఈ పనికి 2009లో బ్రిటన్‌లో ఇచ్చే ఆష్డెన్ అవార్డు కూడా వచ్చింది. డిజైన్ చూస్తే మొదట "ఇదేం గ్రీన్‌హౌస్, సగం పాకలా ఉందే" అనిపిస్తుంది. మన పాలీహౌస్‌లా నాలుగు వైపులా షీటు ఉండదు. తూర్పు పడమరలుగా పొడవుగా కడతారు. ఉత్తరం, తూర్పు, పడమర మూడు వైపులా గోడలే. దక్షిణం ఒక్కటే షీటు. ఎందుకంటే చలికాలం అక్కడి సూర్యుడు దక్షిణాన్ని వదిలి రాడు. ఉత్తరం వైపు షీటు వేస్తే దానిలోంచి వచ్చే ఎండ దాదాపు సున్నా, పోయే వేడి మాత్రం మామూలే. ఆదాయం లేని బ్రాంచి ఆఫీసుకి అద్దె కట్టినట్టు.

ఆ గోడలో కిటుకు ఉంది. పచ్చి ఇటుకలతో రెండు పొరలు కడతారు, మధ్యలో బెత్తెడు ఖాళీ వదిలి దాంట్లో గడ్డి గానీ రంపపు పొట్టు గానీ కూరుతారు. బయటి పొర బరువు మోస్తుంది. లోపలి పొర పగలు ఎండ తాగి రాత్రి వేడి వదులుతుంది. మధ్యలో గడ్డి ఆ వేడి బయటికి పోకుండా ఆపుతుంది. ఉత్తరం గోడకి లోపల నల్ల రంగు. గోడ మీద నుంచి లోపలికి వాలిన చిన్న కప్పు, పాప్లర్, విల్లో కర్రల మీద గడ్డి పరిచి వేసింది. మట్టి, గడ్డి, కర్ర, ఇవన్నీ ఊళ్లోనే దొరుకుతాయి. ఇటుకలు ఇంటివాళ్లే పోసుకుంటారు. కొండలు ఎక్కి రావాల్సింది ముఖ్యంగా షీటు ఒక్కటే.

షీటు వాలు ఎంత ఉండాలన్నది మా బ్యాచ్‌లో పెద్ద గొడవ. లేహ్ అక్షాంశం దాదాపు 34 డిగ్రీలు. డిసెంబర్ 21 మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు ఎంత? 90 లోంచి 34, దాంట్లోంచి ఇంకో 23.4 తీసేస్తే 32.6, అంటే ఇంచుమించు 32 డిగ్రీలు. మన హైదరాబాద్‌లో అదే రోజు 49. ఆ కిరణాలు షీటుకి నిట్టనిలువుగా తగలాలంటే వాలు 57 డిగ్రీలు ఉండాలి. మావాడొకడు ఆ 57 కోసం పట్టుబట్టాడు. అంత వాలు పెడితే గోడ ఎత్తు పెంచాలి, ఖర్చు పెరుగుతుంది. నిజానికి లంబం నుంచి 30, 40 డిగ్రీలు తప్పినా షీటు మీద ప్రతిఫలించి పోయే కాంతి పెద్దగా పెరగదు. పుస్తకంలో ఉన్న కచ్చితమైన కోణం కంటే కర్ర ఎంత పొడుగు దొరికిందన్నది ఇక్కడ ముఖ్యం. ఒప్పుకోవడానికి వాడికి మూడు రోజులు పట్టింది.

ఇక పొదుపు లెక్క. లోపలి గోడ 9 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల మందం అనుకుంటే 5.4 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి 1,700 కిలోల లెక్కన 9 టన్నుల పైచిలుకు మట్టి. కిలో మట్టి ఒక డిగ్రీ వేడెక్కడానికి 0.9 కిలోజౌళ్లు. పగలు 10 డిగ్రీలు వేడెక్కింది అనుకుంటే దాచుకున్నది సుమారు 23 యూనిట్లు. మేము సంబరపడిపోయాం. గైడ్ సర్ మళ్లీ ఆపారు. "గోడ మొత్తం 10 డిగ్రీలు వేడెక్కుతుందని ఎవరన్నారు?" నిజమే. మట్టిలో వేడి నిదానంగా నడుస్తుంది. 24 గంటల పగలు రాత్రి చక్రంలో అది గట్టిగా తాకేది పైన 10, 12 సెంటీమీటర్ల మందాన్నే. అంటే ఆ రాత్రికి గోడ నుంచి మన చేతికొచ్చేది సగం కంటే తక్కువ, 10 యూనిట్లు అనుకోండి. మిగతా మందం వృథా కాదు, రెండు మూడు రోజులు మబ్బు పట్టినప్పుడు ఆదుకునేది అదే. మరి రాత్రికి తక్కువ పడ్డది ఎక్కణ్ణుంచి? కాళ్ల కింద నుంచి. తడి నేల మట్టి గోడ కంటే ఎక్కువ వేడి పట్టుకుంటుంది. 36 చదరపు మీటర్ల మడి, పైన 10 సెంటీమీటర్లు, 5 డిగ్రీల తేడాతో లెక్కేసినా ఇంకో 12 యూనిట్లు వస్తాయి. మొత్తం ఇంచుమించు మళ్లీ 22, 23.

రాత్రి ఖర్చు 60. చేతిలో ఉన్నది 23. ఇంత మంచి గోడ కట్టినా పాలకూర తెల్లారేసరికి గడ్డకట్టుకుపోతుంది!

ఇక్కడే బాబాయి చెప్పిన మూడో వస్తువు, ఆ గుడ్డ. సాయంత్రం ఎండ వాలగానే షీటు కింద గుడ్డ గానీ టార్పాలిన్ గానీ లాగి కప్పుతారు. షీటుకీ గుడ్డకీ మధ్య గాలి నిలుస్తుంది, పరారుణానికి అడ్డం పడుతుంది. పల్చటి గుడ్డతో 6 వాట్లు 4 దాకా దిగొచ్చు. బొంత లాంటి మందపాటిది అయితే 2 దాకా. 2 వేసి మళ్లీ గుణించండి. 36 ఇంటూ 2 ఇంటూ 20 ఇంటూ 14 గంటలు: 20 యూనిట్లు. చేతిలో 23, ఖర్చు 20. సందుల్లోంచి దూరే గాలి, గోడల నుంచి పోయేది కలుపుకుంటే ఇంకా బొటాబొటీ. అందుకే అక్కడ జనవరిలో టమాటా జోలికి పోరు. పాలకూర, కొత్తిమీర, మెంతి లాంటి చలికి ఓర్చుకునే ఆకుకూరలు వేస్తారు. టమాటా వంతు వేసవిలో. లోపల సున్నా దాటి రెండు మూడు డిగ్రీలున్నా ఆకుకూర బతికిపోతుంది. పంటని ఎంచుకోవడం కూడా ఇన్సులేషన్ లాంటిదే, పైగా ఉచితం.

మేము దీన్ని హాస్టల్ టెర్రస్ మీద చిన్నగా చేసి చూశాం. మూడు చెక్క డబ్బాలు, మూడింటికీ పాలిథిన్ ముఖం. ఒకటి ఖాళీ. రెండోదాంట్లో వెనక వైపు నల్ల రంగు వేసిన మట్టి ఇటుకలు. మూడోదాంట్లో ఇటుకలు, పైగా రాత్రికి కప్పడానికి మా రూమ్మేట్ బొంత. వాడి అనుమతి తర్వాత తీసుకున్నాం. డిసెంబర్‌లో నాలుగు రాత్రులు, తెల్లవారుజామున ఐదింటికి లేచి థర్మామీటర్ చూశాం. ఖాళీ డబ్బా లోపల బయట ఎంతుందో అంతే, ఒక రోజైతే బయటికన్నా కాస్త తక్కువే. అది తప్పు రీడింగ్ అనుకుని కొట్టేశాం. తర్వాత తెలిసింది అది ఆకాశంలోకి పోయిన వేడి పుణ్యమని. ఇటుకల డబ్బాలో కొద్దిపాటి తేడా. బొంత కప్పిన డబ్బాలో మాత్రం ముట్టుకుంటే తెలిసేంత వెచ్చదనం. ఒక రాత్రి కప్పడం మర్చిపోయి పడుకున్నాం. ఆ తెల్లారి రెండో డబ్బాకీ మూడో డబ్బాకీ తేడా లేదు. ప్రాజెక్ట్ మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన రీడింగ్ అదే.

దీనికన్నా చౌక దారి ఇంకోటి ఉంది. గోడలే కట్టకుండా నేలలో మూడడుగుల లోతు గొయ్యి తవ్వి, పైన కర్రలు అడ్డం వేసి పాలిథిన్ కప్పడం. రాత్రికి పైన ఇంకో కప్పు. లేహ్‌లో ఉన్న డీఆర్‌డీఓ వారి డిహార్ పరిశోధన సంస్థ ఈ ట్రెంచ్ పద్ధతిని బాగా ప్రచారం చేసింది. నేలే గోడ కాబట్టి ఇటుక ఖర్చు లేదు, చలిగాలి తగలదు, ఇంటివాళ్లే రెండు మూడు రోజుల్లో తవ్వుకోవచ్చు. చేతిలో ఏమీ లేని కుటుంబం మొదలుపెట్టడానికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం.

కానీ దీనికీ ఒక లెక్క ఉంది. 32 డిగ్రీల ఎత్తులో ఉన్న సూర్యుడికి మూడడుగుల గొయ్యి దక్షిణపు గట్టు ఎంత నీడ వేస్తుంది? 3 ని టాన్ 32 తో భాగిస్తే 4.8 అడుగులు. పదడుగుల వెడల్పు గొయ్యిలో నడి చలికాలం మిట్టమధ్యాహ్నం కూడా దాదాపు సగం నేల నీడలో ఉంటుందన్నమాట. అందుకే గొయ్యిని లోతు చేసుకుంటూ పోతే వెచ్చదనం పెరుగుతుంది, వెలుతురు చచ్చిపోతుంది. బొలీవియాలో ఇలాంటి గొయ్యి గ్రీన్‌హౌస్‌ని వాలిపిని అంటారు. అక్కడి లా పాజ్ నగరం అక్షాంశం పదహారున్నర డిగ్రీలే, చలికాలపు సూర్యుడు కూడా 50 డిగ్రీల ఎత్తుకి వస్తాడు. ఆ కొలతల్నే తీసుకెళ్లి 45 డిగ్రీల అక్షాంశంలో ఎనిమిదడుగుల గొయ్యి తవ్వితే నీడ 20 అడుగులు పడుతుంది. యూట్యూబ్‌లో చూసి తవ్వేసేవాళ్లు ఆ ఒక్క భాగహారం చేసుకుంటే చాలా శ్రమ తప్పుతుంది. మేమూ యూట్యూబ్ చూసే మొదలుపెట్టాం కాబట్టి ఇది ఎత్తిపొడుపు కాదు.

ఒక ఊరి ప్రయోగం దేశం మొత్తానికి పాకిన ఉదాహరణ చైనాలో ఉంది. షాన్‌డాంగ్ రాష్ట్రంలోని షౌగ్వాంగ్. అక్షాంశం 37 దరిదాపు, లేహ్‌కి దగ్గరే. అంతకుముందు అక్కడ చలికాలం కూరగాయ కావాలంటే గ్రీన్‌హౌస్‌లో బొగ్గు కాల్చేవారు. 1989లో సాన్యువాన్జు అనే గ్రామంలో వాంగ్ లెయీ అనే ఊరి నాయకుడు ఈశాన్యంలోని లియావ్‌నింగ్ ప్రాంతం వెళ్లి నేర్చుకొచ్చి, బొగ్గు లేకుండా 17 గ్రీన్‌హౌస్‌లు కట్టించాడు. మందపాటి మట్టి గోడ, దక్షిణాన పాలిథిన్, రాత్రికి గడ్డి చాపలు. నడి చలికాలంలో దోసకాయలు వచ్చాయి. ఇవాళ చైనా కూరగాయల వ్యాపారంలో షౌగ్వాంగ్ పేరు మోగిపోవడానికి మూలం అదే. అక్కడి గోడలు అడుగున కొన్ని మీటర్ల మందం ఉంటాయి. ఆ మేరకు సాగు భూమి గోడ కిందే పోతుంది. ఏదీ ఊరికే రాదు.

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో రస్ ఫించ్ అనే మాజీ పోస్ట్‌మ్యాన్ మంచు కురిసే ఊళ్లో నారింజలు పండించాడు. నేల లోపల ఎనిమిదడుగుల లోతున గొట్టాలు పాతి, ఆ లోతులో ఉండే నిలకడ వేడిని చిన్న ఫ్యాన్‌తో గ్రీన్‌హౌస్‌లోకి తిప్పాడు. తెలివైన పనే. కానీ యంత్రంతో తవ్వించుకోగలిగి, రాత్రంతా కరెంటు ఉండే రైతుకి అది చౌక. బాబాయికి పాలకూర అమ్మిన ఆవిడకి కాదు.

ఇంతకీ ఎవరికి చౌక, దేంతో పోలిస్తే చౌక అని అడగకుండా "అఫర్డబుల్" అని రాసేయడం మనకి అలవాటైపోయింది. మా పాత పీపీటీలో ఆ మాట ఆరుసార్లు ఉంది, లెక్కపెట్టాను. లద్దాఖ్ పద్ధతిలో నాకు నచ్చింది ఖర్చుని పంచిన తీరు. మట్టి, రాయి, కర్ర, శ్రమ ఇంటివాళ్లవి. షీటు లాంటి బయటి సామాను ప్రాజెక్ట్ సాయం. తన చేత్తో ఇటుక పోసుకున్నవాళ్లు గోడకి బీట పడితే ఫిర్యాదు రాయరు, అడుసు కలిపి పూస్తారు.

అలాగని అంతా తియ్యగా లేదు. అతినీలలోహిత కిరణాలకి తట్టుకునే మంచి షీటు అయినా ఐదారేళ్లకి మార్చాలి. ఆ ఎత్తులో ఎండ తీక్షణం, ప్లాస్టిక్ తొందరగా పెళుసెక్కుతుంది. మొదటి షీటు సాయంగా వచ్చింది, రెండోది ఎవరు కొనాలి? పాత షీటు ఎక్కడ పారేయాలి? మట్టి గోడకి వాన శత్రువు. లేహ్‌లో వాన పడదన్న ధైర్యంతోనే అంతా మట్టితో కడతారు. 2010 ఆగస్టులో ఒక్క రాత్రి కుంభవృష్టికి అక్కడ ఎన్ని మట్టి ఇళ్లు కొట్టుకుపోయాయో వార్తల్లో చూసినవాళ్లకి గుర్తుంటుంది. జోజిలా కింద సొరంగం కడుతున్నారు. అది పూర్తయి లారీలు చలికాలం కూడా వస్తే కూరగాయల ధర పడిపోతుంది. తినేవాళ్లకి సంతోషం, పండించేవాళ్లకి పోటీ.

మా లెక్కల్లో ఎక్కడా కనిపించని ఖర్చు ఇంకోటి ఉంది. రోజూ సాయంత్రం ఆ గుడ్డ కప్పేదెవరు, పొద్దున్నే తీసేదెవరు, మంచు పడితే షీటు మీద నుంచి దులిపేదెవరు? బాబాయిని అడిగాను. "ఇంటి ఆడవాళ్లేరా, ఇంకెవరు?" అన్నాడు. ఆ పాలకూర డబ్బులు కూడా ఆవిడ చేతికే వస్తాయి, ఆ మాట కూడా చెప్పాడు. కానీ ఒక్క సాయంత్రం ఒంట్లో బాగాలేక కప్పకపోతే మడి మొత్తం పోతుంది. మా టెర్రస్ మీద మేం మర్చిపోయిన రాత్రి పోయింది ఒక రీడింగే. అందుకే కొత్త పీపీటీలో సెన్సర్ పూర్తిగా తీసేయలేదు. హీటరు వేయడానికి కాదు, కప్పు వేయలేదని గుర్తు చేయడానికి, బ్యాటరీతో నడిచే చిన్న గంట మాత్రం ఉంచాం. "అది కూడా అక్కర్లేదురా, ఆవిడ మర్చిపోదు, మర్చిపోయేది మీరు" అన్నాడు బాబాయి. అయినా ఉంచాం. గైడ్ సర్ దానికి మార్కులు వేశారు.

మరి మన దగ్గర దీనికి పనుందా అని క్లబ్ మీటింగ్‌లో ఒకమ్మాయి అడిగింది. కోస్తా, రాయలసీమ, తెలంగాణ మైదానాల్లో మన బాధ దీనికి తలకిందులు. షేడ్‌నెట్‌లు వేసుకునేది ఎండని తగ్గించుకోవడానికి. చలి అంటే వెంటనే గుర్తొచ్చేది చింతపల్లి మండలంలోని లంబసింగి. కానీ లేహ్ చలి, లంబసింగి చలి ఒక జాతివి కావు. అది ఎండ ఉన్న చలి, ఇది పొగమంచు చలి. పొద్దున్న తొమ్మిది, పది దాటితే గానీ సూర్యుడు కనిపించని చోట గోడ తాగడానికి ఎండ ఎంత దొరుకుతుందో లెక్క వేయాలి. మరోవైపు అక్కడ గడ్డకట్టేది ఎప్పుడో ఒకసారి కాబట్టి, గోడ లేకుండా రాత్రి కప్పు ఒక్కటే సరిపోతుందేమోనని నా అనుమానం.

అనుమానం కాబట్టి చూసి రావాలి. సంక్రాంతి సెలవుల ముందు రెండు రాత్రులు, మూడు డబ్బాలతో సహా లంబసింగి వెళ్దామనుకుంటున్నాం. బస్సు ఖర్చు ఎవరిది వాళ్లదే. రీడింగ్ కోసం తెల్లవారుజామున ఐదింటికి లేవగలిగినవాళ్లే పేరివ్వండి. ఎవరి బొంత వాళ్లు తెచ్చుకోండి. మూడో డబ్బాకి మాత్రం మా రూమ్మేట్‌దే, ఈసారి ముందే అడిగాం.